జడ్చర్ల పోవడానికి పర్మిట్ అడిగితే?

మన మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు బస్సెక్కితే ఎందుకు పోతున్నావని ఎవడూ అడగడు. అదే ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్‌బ్యాంక్‌లోని బెత్లెహేం నుంచి జెరూసలేం పది కిలోమీటర్ల లోపే, కానీ అక్కడి పాలస్తీనావాళ్లకు ఇచ్చే గ్రీన్ ఐడీ కార్డు ఉన్నవాళ్లకు మామూలుగా ఇజ్రాయెల్ పర్మిట్ లేనిదే దారి లేదు. భద్రత కోసమట. పర్మిట్ ఉన్న కూలీలు కూడా తెల్లారకముందే ఆ దారిలోని చెక్‌పాయింట్ 300 దగ్గర ఇనుప చువ్వల మధ్య లైన్ కట్టి, తిరిగే గేటు, బ్యాగు స్కానింగ్, కార్డు, వేలిముద్ర అన్నీ దాటితేనే పని దొరికేది. 2023 అక్టోబరులో హమాస్ దాడి తర్వాత ఆ పర్మిట్లు కూడా చాలావరకు పోయాయి.

వలస కూలీ బాధ పాలమూరోళ్లకు ఒకరు చెప్పాలా? అయినా ముంబై బస్సెక్కేటప్పుడు మనల్ని ఎవరూ కాగితం అడగలేదు.

చెక్‌పాయింట్లు సరిహద్దులోనే కాదు, పాలస్తీనా ఊళ్ల మధ్య కూడా ఉన్నాయి. అందుకే జనం బయల్దేరే ముందు ఏ గేటు తెరిచారో టెలిగ్రామ్ గ్రూపుల్లో చూసుకుంటారు.