బూరెగాడి దగ్గు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రం విజయవాడలో మా అపార్టుమెంటు సెల్లార్లోకి నీళ్ళొచ్చాయి. స్కూటర్ ఏమైందో చూద్దామని దిగితే జనరేటర్ పక్కన దిమ్మ మీద ఒక కుక్కపిల్ల వణుకుతూ కూర్చుని ఉంది. తల్లి జాడ లేదు. నెలా పదిహేను రోజుల పిల్ల అయ్యుంటుంది. తువ్వాల్లో చుట్టి పైకి తెచ్చాను. గోధుమ రంగు ఒళ్ళు, గుండ్రటి పొట్ట చూసి మా ఆవిడ "అచ్చం బూరెలా ఉన్నాడండీ" అంది. అదే పేరైపోయింది. ఆ పొట్ట పుష్టి అనుకున్నాం. లోపల ఏలికపాములున్నాయని తర్వాత తెలిసింది.

నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. కుక్కని పెంచడం అదే మొదటిసారి. అందుకే మొదటి మూడు రోజులూ వాడు చేసే ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడ్డాను. తినగానే ఎక్కిళ్ళు. నిద్రలో కుయ్ కుయ్ మనడం, కాళ్ళు తన్నుకోవడం, సన్నగా గురక. ఇవన్నీ పిల్లలకి మామూలేనట. బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోన్లో "నాన్నా, ఎక్కిళ్ళకి కూడా టెన్షనా" అని నవ్వాడు.

శనివారం పొద్దున వచ్చిన చప్పుడు మాత్రం వేరు. గిన్నెలో నీళ్ళు రెండు గుక్కలు తాగి, మెడ ముందుకు చాచి, ఖంగ్ ఖంగ్ మని దగ్గాడు. అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద శబ్దం ఎలా వచ్చిందో! బాతు అరిచినట్టుంది. నాలుగైదుసార్లు అలా దగ్గి, చివర్లో కక్కబోతున్నట్టు ఓక్ మని, కాస్త తెల్ల నురగ వదిలి, ఏమీ జరగనట్టు తోకూపాడు. మా ఆవిడ "పొలమారిందేమో, ఎవరో తలుచుకుంటున్నారు" అని వాడి నెత్తి మీద తట్టింది. గంటకోసారి పొలమారేంతగా వీణ్ణి తలుచుకునేదెవరు?

గొంతులో ఎముక అడ్డం పడిందని నా అనుమానం. అందుకే చెయ్యకూడని పని చేశాను. నోరు తెరిచి చూపుడువేలు లోపలికి పెట్టి తడిమాను. ఎముకా లేదు, ఏమీ లేదు. సూదుల్లాంటి పాలపళ్ళు వేలి మీద సన్నగా గీరుకున్నాయి. రక్తం రాలేదు కదా అని చెయ్యి నీళ్ళ కింద పెట్టి తుడిచేసుకున్నాను.

సాయంత్రం మందుల షాపులో పిల్లల దగ్గు సిరప్ కొన్నాను. "ఎవరికండీ, మనవడికా?" అనడిగితే అవునన్నాను, కుక్కకని చెప్పడానికి మొహమాటపడి. ఇంటికొచ్చి మూత తీస్తుంటే మా ఆవిడ సీసా లాక్కుంది. "మనిషి మందు వాడికెలా పోస్తారు?" అంది. ఆ ఒక్క మాట వాణ్ణి కాపాడింది. జలుబు, దగ్గు సిరప్‌లు కొన్నిటిలో పారాసెటమాల్ ఉంటుంది, మరికొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. మోతాదు మించితే రెండూ కుక్కల ప్రాణం తీస్తాయి. రెండు కేజీల పిల్లకి ఎంత పోస్తే మించుతుందో నాకేం తెలుసు?

కింది ఫ్లాటు పెద్దావిడ ఆ దగ్గు విని "ఇది కోరింత దగ్గమ్మా, మా పిన్ని కొడుక్కి ఇలాగే వచ్చేది" అంది. మనసులో నవ్వుకున్నాను.

సోమవారం పొద్దున ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివిన అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. వాణ్ణి బల్ల మీద నిలబెట్టి, గొంతు కింద శ్వాసనాళం మీద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కింది. వెంటనే ఖంగ్. జ్వరం చూస్తే 102.6. కుక్కలకి 101 నుంచి 102.5 దాకా మామూలేనట, అంటే పెద్ద జ్వరం కాదు. చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి, ఆకలి ఉంది, ఆటా ఉంది.

"కెన్నెల్ కాఫ్ అంకుల్" అంది. కుక్కలు గుంపుగా ఉన్నచోట గాలి ద్వారా అంటుకుంటుందట. కారణమయ్యే క్రిముల్లో ముఖ్యమైనది బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా. మనుషుల్లో కోరింత దగ్గు తెచ్చేది దాని దగ్గర చుట్టమే. కింది ఫ్లాటు పెద్దావిడకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పెద్ద కుక్కల్లో చాలావరకు రెండు మూడు వారాల్లో తగ్గిపోతుందట, పిల్లల్లో మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉందట. ఏలికపాముల పిల్లలు పేగుల్లోకి చేరే ముందు ఊపిరితిత్తుల మీదుగా వెళ్తాయి కాబట్టి వాటివల్లా దగ్గు రావచ్చని పురుగుల మందు కూడా ఇచ్చింది. మర్నాడు వాడి విరేచనంలో సేమ్యాలా పడ్డవి చూశాక ఆ వారం మా ఇంట్లో పాయసం ఊసెత్తలేదు.

మాటల మధ్యలో, నోట్లో వేలు పెట్టి చూశానని గొప్పగా చెప్పాను. ఆ అమ్మాయి రాస్తున్న పెన్ను ఆగిపోయింది. "పన్ను గీరుకుందా?" అని నా వేలు లైటు కింద పెట్టి చూసింది. రేబిస్ వచ్చిన కుక్కకి గొంతు కండరాలు పట్టు తప్పుతాయని, మింగలేక చొంగ కారుస్తూ అచ్చం ఎముక అడ్డం పడ్డట్టే కనిపిస్తుందని, అరుపు మారుతుందని, నెలల పిల్లలకీ అది రావచ్చని చెప్పింది. "వీడికి అదని కాదు అంకుల్, తింటున్నాడు, తాగుతున్నాడు. కానీ వీధిలో దొరికిన పిల్ల. మీరు ఇవాళే గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకోండి" అంది. గీరుకున్నప్పుడే సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగాల్సిందట. చివరగా, గీరిన రోజు నుంచి పది రోజులు వాణ్ణి కనిపెట్టి ఉండాలనీ, ఈలోగా వాడికేమైనా అయితే తనకి చెప్పకుండా ఎక్కడా పూడ్చిపెట్టవద్దనీ చెప్పింది. ఆ మాటకి మా ఆవిడ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

రక్తం రాని గీత కాబట్టి నాకు టీకా ఒక్కటే సరిపోయింది. ఆ రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, ప్రతిసారీ రెండు భుజాలకీ చర్మంలోకి చిన్న సూది. చివరిది జనవరి 8న పడింది.

వచ్చేముందు డాక్టరమ్మ నాకొక పని అప్పజెప్పింది. వాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో అరనిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవెయ్యాలి. కుక్కలకి 15 నుంచి 30, పిల్లలకి 40 దాకా ఫరవాలేదు. నిద్రలో కూడా 40 దాటి అలాగే ఉంటే ఫోన్ చెయ్యాలి. లెక్కల మేష్టారికి ఇంతకంటే ఇష్టమైన పని ఏముంటుంది? పాత డైరీ తీసి గీతలు కొట్టాను. సోమవారం 32. మంగళవారం 34. బుధవారం 36.

గురువారం దగ్గు తగ్గింది. పొద్దున్నుంచీ రెండుసార్లే వినిపించింది, అదీ మెత్తగా. నేను పొంగిపోయి మా అబ్బాయికి ఫోన్ చేసి "మందు పనిచేస్తోందిరా" అన్నాను. ఆ సంబరంలో డైరీ తియ్యలేదు. వాడు గిన్నె దగ్గరికి రాకపోతే నీరసమనుకున్నాను. తినకపోతే ఎలా అని, మా అబ్బాయి చిన్నప్పటి ఉగ్గుగిన్నె అటక మీద నుంచి దింపాను. వాణ్ణి పసిబిడ్డలా ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని పాలు పోశాను. మూడో గుక్కకి పాలు ముక్కులోంచి వచ్చాయి. ఒక్కసారి గుటక్ మని ఊరుకున్నాడు. దగ్గలేదు. దగ్గలేదు కదా అని మిగిలినవీ పోశాను.

ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. మనుషుల పిల్లలకే ఉగ్గుగిన్నెతో జాగ్రత్తగా పొయ్యాలి. కుక్కపిల్ల పొట్ట మీద బోర్లా ఉండి, తల నిటారుగా పెట్టుకుని, తనంతట తానే మింగాలి. వెల్లకిలా వేసి పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, అందులోనూ దగ్గడానికి ఓపిక లేనివాడికి. ఆవుపాలు వాడి పొట్టకీ పడవని డాక్టరమ్మ సోమవారమే చెప్పింది. చెవికెక్కలేదు.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. వారం రోజులుగా ఖంగుఖంగుమనే దగ్గుకి అలవాటుపడ్డ చెవికి ఆ నిశ్శబ్దమే తేడాగా తోచింది. లైటు వేశాను. వాడు పడుకోలేదు, కూర్చునే ఉన్నాడు. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి, కళ్ళు సగం మూసి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. మనుషుల్లో ఎగశ్వాస అంటామే, అదే. చెవి ఆనిస్తే సన్నగా పిల్లికూతలు. లెక్కపెట్టాను, 68. తప్పు లెక్కపెట్టానేమోనని మా ఆవిణ్ణి లేపి లెక్కపెట్టమన్నాను. "అరవై ఆరండీ" అంది. పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి.

రాత్రంతా తెరిచి ఉంటుందని బోర్డు పెట్టుకున్న ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. డాక్టరమ్మకి వీడియో తీసి పంపాను. నాలుగున్నరకి జవాబొచ్చింది: "నోట్లో ఏమీ పొయ్యకండి. పడుకోబెట్టకండి, ఎలా కూర్చుంటే అలా ఉండనివ్వండి. ఆరింటికి తీసుకురండి." ఆ గంటన్నరా మా ఆవిడ వాడి పక్కన నేల మీదే కూర్చుంది. పది రోజుల గడువు ఇంకా తీరలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరం పైకి అనలేదు.

జ్వరం 104.2. ఎక్స్‌రేలో కుడివైపు ఊపిరితిత్తి కింది భాగం మబ్బు కమ్మినట్టు తెల్లగా ఉంది. నెమ్ము. క్రిమి అప్పటికే కొంత కిందికి దిగి ఉండొచ్చు, నేను పోసిన పాలు మిగతా పని చేశాయి. డాక్టరమ్మ కోప్పడలేదు. "దగ్గు తగ్గడం వేరు, దగ్గే ఓపిక తగ్గడం వేరు అంకుల్" అంది. "బాతులా అరుస్తూ, పరిగెడుతూ, తింటూ ఉన్న పిల్ల ఒక రోజు ఆగి వచ్చినా నేను భయపడను. చప్పుడు లేకపోయినా తిండి మానేసి మూల కూర్చుంటే అదే రోజు తేవాలి. ఇలా డొక్కలెగరేస్తుంటే, చిగుళ్ళు తెల్లబడితే, నీలంగా మారితే గంట కూడా ఆగకూడదు." మూడు నెలల్లోపు పిల్ల దగ్గితే ఎంత హుషారుగా ఉన్నా ఒకసారి చూపించడం మంచిదని కూడా అంది. మేం శనివారం నుంచి సోమవారం దాకా ఆగినందుకేమో.

మూడు రోజులు అక్కడే ఉంచారు. ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేశారు. రోజుకి రెండుసార్లు వెళ్ళి అద్దం తలుపులోంచి చూసేవాణ్ణి. ఆదివారం సాయంత్రం నన్ను చూసి తోక కొన ఒక్కసారి కదిలించాడు. సోమవారం, నా మూడో టీకా రోజున, ఇంటికొచ్చాడు.

దగ్గు ఆపే మందు ఇవ్వలేదు. దగ్గితేనే కఫం బయటికొస్తుందని చెప్పారు. పూటపూటకీ నెబ్యులైజర్‌తో ఉప్పునీటి ఆవిరి పట్టడం, తర్వాత అయిదు నిమిషాలు చేతులు దోసిలిలా ముడిచి డొక్కలకి రెండువైపులా తట్టడం. ఆ తట్టే పని మా ఆవిడ తీసుకుంది, చంటిపిల్లాణ్ణి జోకొట్టినట్టు. అన్నం మెత్తగా పిసికి, గోరువెచ్చగా, చిన్న పీట మీద గిన్నె పెట్టి తినిపించాం. డైరీలో అంకెలు దిగుతూ వచ్చాయి. 52. 46. 48. ఆ నలభై ఎనిమిది చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. తర్వాత 41, 36, 30. మంగళవారంతో పది రోజుల గడువు కూడా తీరింది. మళ్ళీ ఖంగుమన్న రోజు మా ఆవిడ "దగ్గాడండీ!" అని వంటింట్లోంచి సంతోషంగా అరిచింది. యాంటీబయాటిక్ సంక్రాంతి దాకా సాగింది. పండగ తర్వాత తీసిన రెండో ఎక్స్‌రేలో మబ్బు విడిపోయింది. ఆగిపోయిన టీకాలు అప్పుడు మొదలుపెట్టారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి మళ్ళీ నా గుండె జారింది. నిద్రలేచి కర్టెన్ వాసన చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి మోచేతులు విడదీసి, మెడ చాచి, ముక్కుతో గర్ గర్ మని గాలి లోపలికి లాగడం మొదలుపెట్టాడు. పావునిమిషం కూడా లేదు, నాకు పావుగంటలా అనిపించింది. ఆగగానే చెప్పు వెతుక్కుంటూ పోయాడు. పొద్దున్నే వీడియో పట్టుకుని పరిగెత్తాను. డాక్టరమ్మ చూసి నవ్వేసింది. అది వెనక్కి తుమ్మడమట. మామూలు తుమ్ములో గాలి బయటికొస్తుంది, ఇందులో లోపలికి పోతుంది. దుమ్ము, అగరొత్తి పొగ, ఘాటు వాసన, దేనికైనా రావచ్చు. ఆగాక మామూలుగా ఉంటే మందక్కర్లేదు. గొంతు కింద మెల్లగా నిమిరితే మింగుతాడు, ఆగిపోతుంది. మరీ తరచుగా వస్తున్నా, ముక్కులోంచి చీముగానీ రక్తంగానీ కారినా తీసుకురమ్మంది. "వీడియో తీసి మంచిపని చేశారు అంకుల్, చాలామంది ఇక్కడ నోటితో చేసి చూపిస్తారు" అంది. నేనూ బస్సులో అదే ప్రాక్టీసు చేస్తూ వచ్చానని చెప్పలేదు.

ఇప్పుడు వాడు పద్దెనిమిది కేజీలు. మెడకి పట్టీ కట్టం, ఛాతీకి తొడిగే హార్నెస్సే. ఉగ్గుగిన్నెని మా ఆవిడ తోమి, గుడ్డలో చుట్టి, మళ్ళీ అటక ఎక్కించింది, ఈసారి నాకు అందనంత లోపలికి. వాడు నీళ్ళు తొందరపడి తాగి దగ్గితే ఇప్పటికీ నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంటుంది. నేను వెనకే వెళ్ళి పెదవి ఎత్తి చిగుళ్ళు చూస్తాను. వాడు నా వేలు నాకేసి వెళ్ళిపోతాడు. నేను సబ్బుతో చెయ్యి కడుక్కుంటాను.