కుచేలుడి కొంగుముడి

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

భగవద్గీత 9వ అధ్యాయంలోని ఈ 26వ శ్లోకాన్ని మనం ఎక్కువగా పూజామందిరంలోనే తలుచుకుంటాం. ఆకైనా, పువ్వైనా, పండైనా, కాసిన్ని నీళ్లైనా భక్తితో సమర్పిస్తే స్వామి ఆరగిస్తాడన్న ఊరట అందులో ఉంది. అయితే ఇదే శ్లోకం భాగవతం దశమ స్కంధంలో మరోసారి వినిపిస్తుంది. యుద్ధభూమిలో అర్జునుడితో అన్న మాటనే శ్రీకృష్ణుడు ద్వారకలో, తన ఇంటికి వచ్చిన చిన్ననాటి స్నేహితుడు కుచేలుడితో అంటాడు. అక్కడ ఆయన గృహస్థు, ఎదురుగా ఉన్నవాడు అతిథి. ఆ సందర్భాన్ని పోతన తెలుగు చేసిన పద్యం మనలో చాలామందికి నోటికి వచ్చినదే.

దళమైన బుష్పమైనను
ఫలమైనను సలిలమైన బాయని భక్తిం
గొలిచిన జనులర్పించిన
నెలమిన్ రుచిరాన్నముగనె యేను భుజింతున్

మూలంలో ‘తింటాను’ అని మాత్రమే ఉన్న చోట పోతన ‘రుచిరాన్నముగనె’ అన్నాడు. అతిథి తెచ్చిన ఆకు, ఆ ఇంటి యజమానికి విందుభోజనం అయిపోతుందన్నమాట. ఒకరింటికి భోజనానికి వెళ్లేటప్పుడు చేతిలో ఏం పట్టుకెళ్లాలి, ఎలా పట్టుకెళ్లాలి అన్న ప్రశ్న నాకు కలిగినప్పుడల్లా ఈ పద్యమే గుర్తుకొస్తుంది.

ద్వారకకు వెళ్లమని భార్య పదేపదే వేడుకున్నప్పుడు కుచేలుడి నోట వచ్చిన మాటను గమనించాలి. ఆయన వెళ్లబోయేది లేమి తీర్చగలిగిన వాడి దగ్గరకు; అయినా ఏం అడగాలా అని ఆలోచించలేదు. “కల్యాణీ, ఇంట్లో ఉపాయనం ఏమైనా ఉంటే ఇవ్వు” అన్నాడు. ఉపాయనం అన్న మాటలోనే దగ్గరకు చేరడమనే అర్థం ఉంది. మనిషి మనిషికి దగ్గరవుతూ చేతపట్టుకెళ్లేది కనుక కానుకకు ఆ పేరు వచ్చింది. ఇంట్లో ఏమీ లేకపోవడంతో ఆ ఇల్లాలు ఇరుగుపొరుగు వారిని అడిగి నాలుగు పిడికిళ్ల అటుకులు తెచ్చి, ఒక గుడ్డపీలికలో మూటగట్టి భర్త చేతికిచ్చింది. తమకు పూట గడవని రోజున, తినడానికి పనికొచ్చే నాలుగు పిడికిళ్లను ఇంకొకరి కోసం ముడివేసిన ఆ చేతులు నాకు కథ మొత్తంలోకీ గొప్పవిగా తోస్తాయి. ఆ తల్లి పేరు కూడా మూలంలో కనిపించదు.

‘అతిథి దేవో భవ’ అన్న వాక్యం తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఉందని అందరికీ తెలుసు. చదువు ముగించి గృహస్థు కాబోయే శిష్యుడికి గురువు చెప్పిన మాట అది. అదే అనువాకంలో మరికాస్త ముందుకు వెళితే, ఇచ్చేవాడు ఎలా ఇవ్వాలో కూడా ఉంది. శ్రద్ధతో ఇవ్వాలి, శ్రద్ధ లేకుండా ఇవ్వకూడదు, ‘హ్రియా దేయం’ అంటే సిగ్గుతో, వినయంతో ఇవ్వాలి, ‘సంవిదా దేయం’ అంటే తెలివిడితో ఇవ్వాలి. శంకరాచార్యులు ఈ చివరి మాటను స్నేహానికి ముడిపెట్టి వ్యాఖ్యానించారు. ఎదుటివారిని ఎరిగి, వారి ఇంటి తీరును, ఇష్టాన్ని, ఆ పూట వారికున్న పనిని తలచి ఇవ్వడమే సంవిత్ అని నేను అర్థం చేసుకున్నాను. పొయ్యి దగ్గర చేతులు తీరిక లేని వేళ గృహిణికి వెంటనే చూసుకోవలసిన వస్తువు అందిస్తే, అది ఎంత ఖరీదైనదైనా ఆమెకు ఇంకో పని అవుతుంది. తీరిగ్గా తర్వాత వాడుకోగలిగినది, ఈ పూటే వడ్డించి తీరాలన్న ఒత్తిడి పెట్టనిది తెచ్చినవాడు ఆమె శ్రమను ముందే చూసినవాడు. ఇంతకంటే పెద్ద నియమాలు నాకు తెలియవు.

ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక పెద్దాయన, తిరిగి మరోసారి పిలిచినప్పుడు నాలుగు కాగితాలు మడిచి తెచ్చారు. మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ తన స్తోత్రాల పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, చిన్న అక్షరాలతో అవస్థపడడం ఆయన గమనించారట. అమ్మ రోజూ చదువుకునే స్తోత్రాన్ని, ఒత్తులూ దీర్ఘాలూ స్పష్టంగా కనిపించేలా, పెద్దపెద్ద అక్షరాలతో తన చేత్తో రాసి తెచ్చారు. ఇచ్చేటప్పుడు ఆయన మాటలు తడబడ్డాయి, “ఏదో తోచింది, అమ్మా” అని మాత్రం అన్నారు. ఆ కాగితాల మడతలు చిరిగేదాకా అమ్మ వాటినే చదువుకుంది. సంవిదా దేయం, హ్రియా దేయం అన్న రెండు మాటలూ నాకు ఆ రోజు ఒకేసారి అర్థమయ్యాయి.

కుచేలుడికీ ఆ సిగ్గే కలిగింది. శ్రీకృష్ణుడు ఎదురువచ్చి కౌగిలించుకుని, తన శయ్య మీద కూర్చోబెట్టి, పాదాలు కడిగి ఆ నీటిని తలపై చల్లుకున్నాడు. రుక్మిణీదేవి స్వయంగా చామరం వీచింది. ఇద్దరూ సాందీపని గురుకులం నాటి ముచ్చట్లు, కట్టెల కోసం అడవికి వెళ్లి గాలివానలో చిక్కుకున్న రాత్రిని తలుచుకున్నారు. ఇంత జరిగాక ఆ మూట విప్పడానికి కుచేలుడికి మనసొప్పలేదు, తల వంచుకున్నాడు. అప్పుడు గృహస్థు మర్యాద ఏమిటో కృష్ణుడు చూపాడు. “నాకోసం ఇంటి నుంచి ఏం తెచ్చావు?” అని తానే అడిగి, భక్తులు ప్రేమతో తెచ్చిన అణువు కూడా తనకు ఎంతో అవుతుందని చెప్పి, పై శ్లోకం పలికి, చివరికి ఆ గుడ్డమూటను తానే లాక్కుని విప్పాడు. ఒక పిడికెడు నోట వేసుకుని రెండో పిడికెడు తీసుకోబోతే రుక్మిణి చేయి పట్టుకుంది. తెచ్చినదాన్ని పక్కన పెట్టి మరిచిపోయే ఇళ్లు ఉంటాయి, ‘ఇవన్నీ ఎందుకండీ’ అని మొక్కుబడిగా అనే ఇళ్లూ ఉంటాయి. అతిథి దాచుకున్న కానుకను ఆకలిగొన్న పిల్లవాడిలా అందుకున్న ఇల్లు ఇది.

ఆ రాత్రి అక్కడే తిని, సుఖంగా నిద్రించి, తెల్లవారగానే కుచేలుడు బయలుదేరాడు. ఏమీ అడగలేదు, కృష్ణుడూ చేతికి ఏమీ ఇవ్వలేదు, దారిలో కొంతదూరం వెంట నడిచి సాగనంపాడు. తర్వాత ఒంటరిగా నడుస్తూ కుచేలుడు తలుచుకున్నవి ఆ ఇంటి ఆదరణలే. లక్ష్మి కొలువున్న రొమ్ముతో దరిద్రుడైన తనను హత్తుకున్నాడని, తోబుట్టువులా శయ్య మీద కూర్చోబెట్టాడని, అలసిన తనకు దేవేరి విసిరిందని ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఇంటి దారి పట్టాడు.