సన్‌షేడ్లకు ముసుగేస్తే సరా?

గవర్నర్‌పేటలో ఆ పాత ఆఫీసు బిల్డింగ్‌కి ఏసీపీ షీట్లు (గోడల బయటివైపు తొడిగే అల్యూమినియం షీట్లు) బిగిస్తున్నారు. ఇంట్లోవాళ్లు ఈ గోల విని విని విసిగి పడుకున్నారు. మిగిలింది మీరే.

అరవైల నాటి కట్టడం. పడమటి వైపు కిటికీల ముందు నిలువు కాంక్రీటు పలకలు, కాస్త ఏటవాలుగా. సాయంత్రం ఎండ వాలి వస్తుంది కాబట్టి సన్‌షేడ్ ఎంత ముందుకు లాగినా ఆగదు, నిలువు పలకే ఆపాలి. ఉత్తరానా సన్‌షేడ్లున్నాయి. అటు ఎండెక్కడిది అంటారు గానీ, బెజవాడ ఉన్నది పదహారున్నర డిగ్రీల అక్షాంశంలో. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. ప్లాను గీసినాయనకి ఆ లెక్క తెలుసు. ఇప్పుడు వాటన్నిటి మీదా 4 మి.మీ. షీటు: రెండు పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యలో ప్లాస్టిక్. చౌకరకం ప్లాస్టిక్ భగ్గున అంటుకుంటుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంట అంతంత పైకి పాకింది అలాంటి షీట్ల మీదుగానే, 72 మంది పోయారు. అయినా మనవాళ్లు రంగు చూసే కొంటారు.

అలాగని పాతదంతా బంగారమా అంటే, అదీ కాదు. ఆ సన్‌షేడ్లు పెచ్చులూడుతున్నాయి. అదే బందరు రోడ్డు మీద 1887 నాటి విక్టోరియా జూబిలీ మ్యూజియానికి ఈ జబ్బు లేదు, మన దగ్గరికి చువ్వల కాంక్రీటు రాకముందు కట్టింది కదా. సన్‌షేడ్‌లో మెయిన్ చువ్వ పై ముఖాన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే అడుక్కి దిగిపోతుంది. వానకు తడిసే చోట కాంక్రీటు పనికి ఇప్పటి భారత ప్రమాణం ఐఎస్ 456 కనీసం 30 మి.మీ. కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, అడుగుతుంది, అప్పట్లో అందులో సగం ఉంటే గొప్ప. అంచు కింద నీటిచుక్క అక్కడే రాలిపోవడానికి పెట్టే డ్రిప్ గాడి రంగుపూతలతో పూడిపోతే నీళ్లు లోపలికి పాకుతాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తుంది.

ఒక ముసలి మేస్త్రీ పనితనం గుర్తొస్తోంది. పెచ్చు ఊడిన చోటే కాదు, చువ్వ వెనక వేలు దూరేంత లోతుకి చెక్కేవాడు. మెరుపు కనపడేదాకా వైరు బ్రష్. పావు వంతు అరిగిన చువ్వ పక్కన కొత్త చువ్వ. ఆపైన తుప్పు మందు, పాత కాంక్రీటుకు కొత్తది అతుక్కునేలా బాండ్ కోటు, పాలిమర్ మోర్టారు పొరలు పొరలుగా, వారం రోజులు తడి గోనెపట్టా.

అంటే నా కోపం షీటు ఒక్కదాని మీదే కాదన్నమాట. ఇదంతా చెయ్యకుండా, తుప్పు పట్టిన పలకలకే యాంకరు బోల్టులు దించి మూసేస్తున్నారు. రేపు పెచ్చు ఊడినా కనపడదు, షీటు వెనక పోగవుతుంది.

పరంజా ఎలాగూ కట్టారు. సుత్తితో తట్టుకుంటూ పోయి, డొల్లగా మోగిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టడానికి ఒక పూట చాలు. పడమటి వైపు ఇంకా ఫ్రేము పడలేదు.