అటక మీది రివాల్వర్, పదకొండు తూటాలు

నాన్నగారి పన్నెండో రోజు భోజనాలు అయ్యాక అమ్మ బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, "ముందు ఆ తుపాకీ సంగతి చూడరా" అంది.

మా ఇంట్లో దాన్ని అందరూ తుపాకీ అనే అంటారు. నిజానికి అది రివాల్వర్. వెబ్లీ మార్క్ సిక్స్, .455 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు). కిలోకి పైనే బరువు. తాతగారు మునసబుగా ఉన్న రోజుల్లో లైసెన్స్ మీద కొన్నారు. ఆయన తర్వాత నాన్నగారి పేరు మీదకి మారింది. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలే పోయాయి కానీ ఇది మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. 1986 ఆగస్టు వరదకి మా లంకలో నీళ్లు అరుగు దాటి లోపలికి వచ్చినప్పుడు నాన్నగారు ముందుగా అటక ఎక్కించినవి రెండే. విత్తనాల బస్తాలు, ఇది.

లైసెన్స్ ఉన్న మనిషి పోతే ఆ ఆయుధాన్ని ఏం చేయాలో నాకు ఒక్క ముక్క తెలియదు. సలహాలు మాత్రం వచ్చినవాళ్లంతా ఇచ్చారు. ఇలాంటిది అటక మీద ఉన్న ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా మా బావగారిది. డబ్బాలో పదకొండు పాత తూటాలు, నాలుగు ఖాళీవి ఉన్నాయి. ఆయన ఒక ఖాళీ తూటాని వేళ్ల మధ్య తిప్పుతూ, "పాతవి ఎలాగూ పేలవు. ఈ నాలుగింట్లో మందు నింపేవాడు నాకు తెలుసు. నింపించి, ఇచ్చేసే ముందు గాల్లోకి ఒక్కసారి పేలుద్దాం. మావయ్యగారికి అదే మర్యాద" అన్నారు. ఆ మాట వినగానే నాకు కన్నీళ్లు వచ్చాయి. సరే అనబోయాను.

మా బాబాయి ఆర్మీలో చేసి వచ్చినవాడు. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "అల్లుడుగారూ, దీపావళికి జువ్వ కూరడం కాదండీ ఇది" అన్నాడు. ఖాళీ తూటా అడుగు భాగాన్ని వెలుతురుకి పెట్టి నాకు చూపించాడు. లోపల రెండు సన్నటి బెజ్జాలు. పాత ఇంగ్లీషు తూటాలు అలాగే ఉంటాయట. నిప్పు రాజేసే టోపీని అందులోంచి తీయడమే కష్టమట. చట్టం ఒప్పుకునే దేశాల్లో ఈ పని చేసేవాళ్లు మందుని గ్రెయిన్లలో తూస్తారని చెప్పాడు. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు, గురివింద గింజ బరువులో సగానికి కాస్త ఎక్కువ. కంసాలి త్రాసు లాంటిది పెట్టుకుని, రాసుకుని, ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ చేస్తారు. పరధ్యానంలో ఒకే తూటాలో రెండుసార్లు మందు పడితే గుండు తిప్పే చక్రం చేతిలోనే పగులుతుంది.

"దీన్ని చేసిన రోజుల్లో తూటాలో ఉన్నది కార్డైటు, సేమియా పోచల్లాంటి మందు. దాని ఒత్తిడికి తగ్గట్టు చేసిన ఇనుము ఇది. ఇప్పుడు ఎవడో ఏ మందో కూరి ఇస్తే ఇది ఓర్చుకోదు" అన్నాడు బాబాయి. అమెరికాలో ఈ వెబ్లీలని చక్రం అరగదీసి, వేరే రకం .45 తూటాలు పట్టేలా మార్చి అమ్మారట. ఆ తూటాల ఒత్తిడి ఎక్కువ. అలా పగిలినవి ఉన్నాయట. చివరగా అసలు మాట చెప్పాడు. లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం మన దగ్గర నేరం, 1959 నాటి ఆయుధాల చట్టం అయిదో సెక్షన్. బావగారు ఇంకేం మాట్లాడలేదు, తూటాని తిరిగి డబ్బాలో పెట్టేశారు.

ఆ సాయంత్రమే స్టేషన్‌కి ఫోన్ చేశాను. లైసెన్స్ వారసులకి దానంతట అది రాదు. మనిషి పోయాక ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పజెప్పాలి. నేను రివాల్వర్ పట్టుకుని బయల్దేరితే దారిలో అదే ఒక కేసు. "మీరు ముట్టుకోకండి, మేమే వస్తాం" అన్నారు. మర్నాడు పొద్దున్నే హెడ్ కానిస్టేబుల్ వచ్చారు.

ఆయన అరుగు మీద పేపర్ పరిచి, మూతిని కొబ్బరి చెట్ల వైపు పెట్టి, బొటనవేలితో పక్కనున్న మీట నొక్కారు. గొట్టం ముందుకి వంగి రివాల్వర్ మధ్యలోంచి తెరుచుకుంది. చక్రం నడుమ నుంచి నక్షత్రంలాంటి ముక్క పైకి లేచి, మళ్లీ టక్కున కిందకి పడింది. ఆరు తూటాలనీ ఒకేసారి బయటికి తోసేది అదే. ఆరు గదులూ ఖాళీ. కుట్టుమిషన్ నూనె వాసన గుప్పుమంది. మా సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టకుండా నాన్నగారు నెలకోసారి ఆ నూనె పూసేవారు. హెడ్ గారు నంబర్ చదివితే నేను రాశాను. తూటాలు పదకొండు, ఖాళీవి నాలుగు, అన్నీ కాగితం మీద పెట్టారు. ఒక్కో గుండు బరువు రెండు కాసుల బంగారం కంటే కాస్త ఎక్కువ.

తర్వాత కాగితాల పని. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మా అక్కా అభ్యంతరం లేదని ఇచ్చిన అఫిడవిట్లు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది కదా, పాత ఫైలు కాకినాడలో, నా దరఖాస్తు అమలాపురంలో. రెండు ఊళ్ల మధ్య నాలుగుసార్లు తిరిగాను. మీరు వెళ్లేటప్పుడు పాత లైసెన్స్ పుస్తకం ప్రతి పేజీ జిరాక్స్ తీసుకెళ్లండి, ముఖ్యంగా యూఐఎన్, అంటే లైసెన్స్‌దారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబర్ ఉన్న పేజీ. ఆ నంబర్ ఉంటేనే వెతకడం సులువు.

అసలు విషయం నాలుగోసారి వెళ్లినప్పుడు తెలిసింది. ఆఫీసులో లైసెన్సులు చూసే ఒక పెద్దాయన లైసెన్స్ పుస్తకంలో బోరు అన్న గడి మీద వేలు పెట్టి, "ఇది పీబీ అండీ" అన్నారు. అంటే నిషేధిత బోరు. .32 రివాల్వర్ అయితే కలెక్టర్ గారే లైసెన్స్ ఇవ్వగలరు. .380, .455 తూటాలు, మిలటరీ వాడే తొమ్మిది ఎంఎం పట్టేవి అలా కాదు. వాటికి కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి, ఫైలు ఢిల్లీ వెళ్లాలి. తాతగారి కాలం నుంచి రెన్యూవల్ అవుతూ వచ్చింది కాబట్టి నాన్నగారికి ఈ తేడా మాకు చెప్పాల్సిన అవసరం పడలేదేమో. "వంశపారంపర్యంగా వచ్చిందని రాసుకోవచ్చు, పంపమంటే పంపుతాం" అన్నారాయన. మంచిగా, ఓపిగ్గా చెప్పారు.

తిరుగు బస్సులో రావులపాలెం దాకా అదే ఆలోచన. ఢిల్లీ నుంచి అనుమతి వచ్చిందే అనుకుందాం. నేను పొద్దస్తమానం చెరువు గట్టు మీద ఉంటాను. ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లాడు, వాడికి అందని అటక లేదు. నాన్నగారికి ఆ రివాల్వర్ మీద ఉన్న శ్రద్ధ నాకు లేదు. ఆ మాట ఒప్పుకోవడానికే నాకు వారం పట్టింది. ఇంటికి వచ్చి అమ్మని అడిగితే, "మీ నాన్న ప్రతి ఎలక్షన్‌కీ దాన్ని స్టేషన్లో పెట్టి, మళ్లీ తెచ్చుకునేవారు. ఆయనకి అది తాతగారు. నీకు కాదు కదరా" అంది.

ఢిల్లీకి దరఖాస్తు పెట్టలేదు. హక్కు వదులుకుంటున్నామని, ప్రభుత్వానికి అప్పగిస్తున్నామని ముగ్గురం సంతకాలు పెట్టి ఇచ్చాం. నాన్నగారు పోయినప్పటి నుంచి లెక్కేస్తే ఏడు నెలలు. తోలు ఒర మాత్రం మా దగ్గరే ఉంది. బాబాయి దానికి కూడా కుట్టుమిషన్ నూనె పూయబోతే, తోలు పాడవుతుందని అమ్మ ఆపింది.

స్టేషన్ వాళ్లు ఇచ్చిన రసీదుని నాన్నగారి బిస్కట్ డబ్బాలో పెట్టాను. 1983 నుంచి ప్రతి ఎన్నికకీ డిపాజిట్ చేసిన రసీదులు వరసగా అందులోనే ఉన్నాయి, కార్బన్ అక్షరాలు ఊదారంగులోకి తిరిగి. ప్రతిదాని మీదా కింద "తిరిగి ముట్టినది" అని రాసి, నాన్నగారి సంతకం ఉంది. నా రసీదు కింద ఆ జాగా ఖాళీగా ఉంది.