చుక్క దగ్గర మొదలైన జర్మన్ పాఠం

కొన్నేళ్ల క్రితం మా కొనుగోళ్ల విభాగం నుంచి ఒక జర్మన్ సరఫరాదారుకు ఇంగ్లీషులో మెయిల్ పంపాం. పరీక్షించి చూసుకోవడానికి ఒక ముడిపదార్థం నమూనాగా 1.250 కిలోలు, అంటే కిలోంబావు, కావాలని అందులో రాశాం. రెండు రోజులకు వచ్చిన కొటేషన్‌లో ధర చూసి అందరం తెల్లబోయాం. కిలోంబావు పొడికి ఇంత ధరా అని మండిపడి, కాస్త ఘాటుగానే జవాబు రాయబోతుండగా, ఆరు నెలలుగా సాయంత్రం క్లాసుల్లో జర్మన్ నేర్చుకుంటున్న మా సహోద్యోగిని ఆ కాగితం అందుకుని చూసి, "వాళ్లు ధర చెప్పింది 1250 కిలోలకండీ" అన్నారు. జర్మన్‌లో వేలను విడదీయడానికి చుక్క, దశాంశానికి కామా పెడతారు. మన అలవాటుకు అది సరిగ్గా తలకిందులు. మేం రాసింది ఇంగ్లీషే అయినా, వాళ్లు చదివింది జర్మన్ కళ్లతో.

ఆవిడకు అప్పటికి వచ్చిన జర్మన్ చాలా తక్కువ. అంకెలు, వేళలు, పలకరింపులు, అంతే. కానీ ఎక్కడ అనుమానపడాలో తెలిసింది. విదేశీ భాష వల్ల వ్యాపారంలో కలిగే మొదటి లాభం, నా లెక్క ప్రకారం, ధారాళంగా మాట్లాడటం కాదు, ఇలా తగిన చోట ఆగగలగడం. జర్మన్‌లో 'హాల్బ్ డ్రై' అంటే మాటకు మాటగా 'సగం మూడు'. దాన్ని మూడున్నర అనుకుని వెళ్లినవాడు గంట ఆలస్యంగా చేరతాడు, ఎందుకంటే దాని అర్థం రెండున్నర. అలాగే ఇంగ్లీషులో బిలియన్ అంటే వంద కోట్లు. జర్మన్ 'బిలియోన్' లక్ష కోట్లు. చూడటానికి ఒకేలా ఉండే ఈ మాటలే పరాయి మాటలకన్నా ఎక్కువ ప్రమాదకరం, పరాయి మాటకైతే కనీసం నిఘంటువు తెరుస్తాం కదా.

ఫోన్‌లో అనువాద యాప్ ఉండగా ఈ శ్రమంతా ఎందుకని చాలామంది అడుగుతారు. నేనూ రోజూ ఆ యాప్ వాడతాను, దాన్ని తీసిపారేయను. అయితే అనువాదం తప్పులేకుండా ఉండి కూడా భావం జారిపోయే సందర్భాలు వ్యాపారంలో కోకొల్లలు. జపనీయులతో బేరసారాల్లో 'కెన్‌తో షిమాసు' అనే మాట తరచుగా వినిపిస్తుంది. 'పరిశీలిస్తాం' అని యాప్ చెబుతుంది, అది సరైన అనువాదమే. కానీ చాలా సందర్భాల్లో అది మర్యాదగా చెప్పిన 'వద్దు'. తెలుగులో "చూద్దాం లెండి" అన్నప్పుడు ఎదుటివారు చూడబోవడం లేదని మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ చెవే జపనీస్ వినడానికి కూడా కావాలి. అలాగే వాళ్లు మాటిమాటికీ అనే 'హాయ్'ని, అంటే జపనీస్ 'అవును'ని, ఒప్పుకోలుగా తీసుకుని సంబరపడి ఆర్డర్ కోసం ఎదురుచూసేవారున్నారు. అది చాలాసార్లు మనం కథ వింటూ ఊఁ కొట్టడం లాంటిదే: వింటున్నాననే తప్ప, సరేనని కాదు.

ఉద్యోగాల విషయంలో లెక్క ఇంత సున్నితంగా ఉండదు, అక్కడ భాష నేరుగా ప్రవేశ అర్హత. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బీ2 స్థాయి (యూరప్‌లో భాషా ప్రావీణ్యాన్ని కొలిచే ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లలో నాలుగోది) చూపించాలి; డాక్టర్లకైతే వైద్య పరిభాషలో విడిగా పరీక్ష ఉంటుంది. రోగి తన నొప్పిని చెప్పుకునే భాష తెలియకుండా మంచం పక్కన నిలబడటం కుదరదు కాబట్టి ఈ నిబంధన నాకు న్యాయంగానే తోస్తుంది. అయితే సర్టిఫికెట్టే సర్వస్వమనుకోవడమూ పొరపాటే. జపనీస్ ప్రావీణ్యానికి ప్రపంచమంతా గుర్తించే జేఎల్‌పీటీ పరీక్షలో అన్నిటికన్నా తేలికైన ఎన్5 నుంచి అన్నిటికన్నా కష్టమైన ఎన్1 వరకు ఐదు స్థాయిలున్నా, మాట్లాడే పరీక్ష ఒక్క స్థాయిలోనూ లేదు. అందువల్ల పై స్థాయి గట్టెక్కి కూడా ఆఫీసులో మోగే ఫోన్ ఎత్తడానికి జంకేవారు కనిపిస్తారు.

ఏ భాష నేర్చుకోవాలన్న ప్రశ్నకు, ప్రపంచంలో ఎంతమంది మాట్లాడుతున్నారనే జాబితా చూసి జవాబు వెతకడం నాకు నచ్చదు. మీ రంగంలో సరుకు, యంత్రం, జీతం ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకుంటే చాలు. పట్టే కాలం గురించి కూడా ముందే నిజం తెలిసి ఉండాలి. అమెరికా దౌత్యవేత్తలకు శిక్షణ ఇచ్చే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్ భాషలు వృత్తికి సరిపడా రావాలంటే సుమారు 2200 తరగతి గంటలు పడుతుందని లెక్కగట్టింది. జపనీస్ వాక్యంలో క్రియ చివర రావడం, విభక్తులు నామం వెనకే అతుక్కోవడం మనకు పుట్టినప్పటి నుంచి అలవాటే కాబట్టి తెలుగువారికి కొంత భారం తగ్గుతుంది. లిపి దగ్గర మాత్రం ఆ వెసులుబాటేమీ లేదు, నిత్య వ్యవహారానికి నిర్దేశించిన కాంజీ అక్షరాలే 2136 ఉన్నాయి.

మా సహోద్యోగిని బీ1 తర్వాత పరీక్షలు రాయలేదు. అయినా ఆ సరఫరాదారు ఫోన్లు ఇప్పుడు నేరుగా ఆవిడ బల్లకే వస్తాయి. మొదటి రెండు నిమిషాలు జర్మన్‌లో కుశల ప్రశ్నలు నడుస్తాయి, ధర దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఇంగ్లీషులోకి మారిపోతారు. ఆ తర్వాత ఆవిడ పంపే మెయిల్‌లో మాత్రం ప్రతి అంకె పక్కనా అదే సంఖ్య అక్షరాల్లో కూడా ఉంటుంది.