నూనె సీసా 150

నిన్న ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో అత్తయ్యతో కలిసి క్రైస్తవ ఉపవాస ప్రార్థన కూటానికి వెళ్లాను. గుమ్మంలోనే క్యూఆర్ కోడ్ స్టాండు. ప్రార్థన చేసిన నూనె సీసా 150 రూపాయలు. ముందు కుర్చీలు పెద్ద కానుకలిచ్చినవాళ్లకట!

అత్తయ్య కొంగు ముడి విప్పి, నలిగిపోయిన పది నోటు చదును చేసి పెట్టెలో వేసింది. మైకులో మాత్రం ఐదు వేలిచ్చినవాళ్ల పేర్లే చదివారు.

1882లో ఈ కొరాపుట్ వైపు వచ్చిన మిషనరీలు లూథరన్లు, అంటే మార్టిన్ లూథర్ బాట పట్టిన క్రైస్తవులు. చర్చిలో డబ్బుకు పాపక్షమాపణ పత్రాలు అమ్ముతున్నారనే కదా 1517లో లూథర్ గొడవకు దిగింది! (సండే స్కూల్లో మాకు చెప్పిందే.)

తిరిగొస్తుంటే ఆటోలో పక్కింటి ఒడియా కుర్రాడు "మీ ప్రార్థనకి టికెట్ ఎంత?" అని నవ్వాడు. కోపం రాలేదు. జవాబూ రాలేదు. అత్తయ్య ఒళ్లో నూనె సీసా ఉంది. కొనిపెట్టింది నేనే.