ఎనిమిది బై పన్నెండు, పన్నెండులో రెండు బై మూడు

ఈరోజు ఐదో తరగతిలో భిన్నాలు. కనిష్ఠ రూపంలోకి తేవడం ఒక పాఠంగా, ఒక సంఖ్యలో భిన్నమంత ఎంతో కనుక్కోవడం ఇంకో పాఠంగా చెప్పడం అలవాటు. రెండూ ఒకే పీరియడ్‌లో పక్కపక్కన పెట్టి చెబితేనే పిల్లలకు బాగా ఎక్కుతాయని నా గట్టి నమ్మకం, ఎందుకంటే రెండింటికీ బొమ్మ ఒక్కటే.

గళ్ళ నోటుబుక్కులో ఒకే వరుసలో 12 గళ్ళకు పెట్టె గీయించి, ఎడమ నుంచి 8 గళ్ళకు రంగు వేయించాలి. అది 8/12. ఇప్పుడు ప్రతి 4 గళ్ళకు ఒక లావు గీత. పెట్టె 3 గుంపులైంది, అందులో 2 గుంపులు రంగువి. అంటే 2/3. రంగు ఒక్క గడి కూడా తగ్గలేదు. ఇది కళ్ళతో చూడకపోతే, అంకెలు చిన్నవయ్యాయి కాబట్టి భిన్నమూ చిన్నదైందని చాలామంది అనుకుంటారు.

అదే పెట్టెకు 3 గళ్ళకొక గీత పెట్టించి చూపడం తప్పనిసరి. గుంపులు నాలుగు సరిగ్గానే వస్తాయి. కానీ మూడో గుంపులో రెండు గళ్ళకే రంగు ఉంటుంది, ఒకటి ఖాళీ. 3వ ఎక్కంలో 12 పోతుంది, 8 పోదు. లవం, హారం రెండూ ఒకే ఎక్కంలో పోవాలని ఎన్నిసార్లు చెప్పినా రానిది, ఆ ఖాళీ గడి చూడగానే వస్తుంది.

తర్వాత అదే పెట్టెతో వెనక్కి రావాలి. 12లో 2/3 ఎంత? హారం 3, కాబట్టి మూడు గుంపులు. గుంపుకు 4. లవం 2, కాబట్టి రెండు గుంపులు తీసుకో. 8. ఇందాకటి బొమ్మే.

తప్పుల్లో మొండిది అంకెల్ని కొట్టేయడం. 13/35లో పైనా కిందా 3 కనబడగానే గీత పెట్టి 1/5 అంటారు. 1/5 అంటే 7/35 కదా, మరి 13 ఏమైంది అని అడిగితే ఆగుతారు. 16/64ను మాత్రం మొదటి రోజుల్లో బోర్డు మీద రాయకూడదు. అందులో 6ను 6తో కొట్టేస్తే 1/4 వస్తుంది, అది సరైన జవాబే! తప్పు పద్ధతికి సరైన జవాబు దొరికితే ఇక దాన్ని మాన్పించడం చాలా కష్టం.

24/36ను 12/18 దగ్గర ఆపేసేవాళ్ళు మరికొందరు. అది తప్పు కాదు, పని పూర్తి కాలేదంతే. రెండూ సరిసంఖ్యలేనా, రెండూ 0 లేదా 5తో ముగిశాయా, రెండింటి అంకెల మొత్తాలూ 3తో పోతాయా అని చూసుకోవాలి. లవమే హారాన్ని భాగిస్తుందేమో కూడా చూడాలి, లేకపోతే 17/51ని అలాగే వదిలేస్తారు. అది 1/3. 24నూ 36నూ భాగించే సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది (గ.సా.భా.) 12 అని పట్టేసినవాళ్ళకు 24/36 ఒక్క దెబ్బకు 2/3 అవుతుంది. ఎక్కాలు తడబడేవాళ్ళు 2తో, మళ్ళీ 2తో, తర్వాత 3తో పోయినా చేరేది అక్కడికే. వాళ్ళను తొందరపెట్టకూడదు.

20లో 3/4 అంటే ముందు కనబడిన 3తో భాగించబోయి శేషం దగ్గర ఇరుక్కుంటారు. లేదా 4తో భాగించి 5 రాగానే ఆపేస్తారు. ముప్పావు అంటే సగం కంటే ఎక్కువ, 20లో సగమే 10, మరి జవాబు 5 ఎలా అవుతుంది? ఈ ప్రశ్న వాళ్ళంతట వాళ్ళే వేసుకునేలా చేయగలిగితే సగం తప్పులు పోతాయి. ముప్పావు కిలో 750 గ్రాములని కిరాణా కొట్టుకు వెళ్ళే పిల్లలకు తెలుసు. 1000లో 3/4 అని రాస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఆ రెండూ ఒకటేనని పక్కపక్కన రాసి చూపాలి.

ఇంటిపనికి జంట లెక్కలు: 15/20 పక్కన 20లో 3/4, 10/25 పక్కన 25లో 2/5, 45/60 పక్కన 60లో 3/4. మధ్యలో 7/12 ఒకటి. అది ఇక తగ్గదు. అలాంటిది ఒకటి లేకపోతే ప్రతి భిన్నాన్నీ ఏదోలా కొట్టేయాలనే చూస్తారు.